పొట్లం మీది మాట

సండూరు,
20-7-2025

రూపనగుడిలో ఉన్న నాయనకు అంబిక దండం పెట్టి రాసేది. నా ఒంట్లో బాగానే ఉంది, మనసే ఒకచోట నిలవడం లేదు. అక్కడ నువ్వు, అమ్మ, ఎనుము కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పబోతే నీ దగ్గు వినబడుతుంది, నేను మాట మార్చేస్తాను. అందుకే కాగితం. లేచి కిటికీ మూశాను, ఉక్కపోసి మళ్లీ తెరిచాను. గని లారీల ఎర్రదుమ్ము విదిలించుకుంటూ రాస్తున్నాను.

శ్రావణం రాగానే నన్ను హనుమంత బావకు ఇవ్వడానికి తాంబూలాలు మార్చుకోవాలని నిశ్చయించావు. నాకిష్టం లేదంటే, "మాటిచ్చినా మ్మా. ఇంగ పిల్లనియ్యకుంటే నా మొగం యాడ పెట్టుకోవల్ల?" అన్నావు. ఆ ఇవ్వడం దగ్గరే నా బుర్ర తిరుగుతోంది.

ఆస్పత్రి డ్యూటీ అయ్యాక జర్మన్ నేర్చుకుంటున్నాను కదా. మొన్న మా గురునాథ్ సార్ పుట్టినరోజుకు మిఠాయి డబ్బా మీద గిఫ్ట్ అని రాసిచ్చాను. జర్మనీలో దీన్నెవరూ ముట్టరమ్మా, అక్కడ గిఫ్ట్ అంటే విషం అని ఆయన ఒకటే నవ్వు. స్వీడన్‌లో ఆ మాటకు విషమనీ అర్థమే, పెళ్లయిందనీ అర్థమేనట! వేరు మాత్రం ఒకటే, ఇవ్వడం. కానుక ఇస్తారు, మోతాదు చూసి మందు ఇస్తారు, పిల్లను ఇస్తారు.

క్లాసంతా నవ్వింది, నాకు నవ్వు రాలేదు. మన మందు అనే మాట తక్కువదా? నేను రోగులకిచ్చేదీ మందే, నువ్వు మిరపచేనుకు కొట్టేదీ మందే. రామప్ప చిన్నాయన మందు తాగి పడ్డాడంటే, అమ్మ చేని మందనుకొని వీధంతా ఏడుస్తూ పరుగెత్తింది. ఆయన మాత్రం బ్రాందీ షాపు ముందు హాయిగా గురకపెడుతున్నాడు.

హనుమంత బావ మంచివాడే, కాదనను. కానుక ఇస్తున్నాననుకొని, ఇష్టంలేని నన్నిచ్చి అతని నోట్లో విషం పోస్తావేమోనని నా భయం.

దీనితో ఒక పొట్లం పంపుతున్నాను. నీకు చొక్కాగుడ్డ, అమ్మకు చీర. పైన గిఫ్ట్ అని రాశాను. కోపమొచ్చినా పారేయొద్దు.

నీ బిడ్డ,
అంబిక

తా.క.: పొట్లం మీది మాటను ఇంగ్లిషులో చదవొద్దు నాయనా, స్వీడన్ భాషలో చదువు. మా వార్డులో పనిచేసే మౌనేష్, నేను సోమవారం రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టాము. నన్నెవరూ ఇవ్వలేదు, నేనే వెళ్లాను. ఆ భాషలోనూ దానికి రెండర్థాలు. నువ్వు ఏది తీసుకుంటావో తెలియక, బళ్లారి బస్సు వచ్చినప్పుడల్లా దిగేవాళ్లలో నీ తలగుడ్డ కోసం చూస్తున్నాను.