ఒక్కరు చాలు

తమ్ముడికి,

నువ్వు డిజైన్ చేసిన కొత్త సీలింగు లైటు గురించి బావ ఏమన్నారని మళ్ళీ మళ్ళీ అడిగావు. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. లైటు బాగుంది. పాతవాటికైతే రెండు స్ప్రింగుల్నీ రెండు చేతులతో మడిచి పట్టుకుని సీలింగు కన్నంలోకి దూర్చాలి. కాస్త వదిలితే వేళ్లు కొరికేసేవి. "మీ అక్క కంటే ఇవే నయంరా, చెప్పి కరుస్తాయి" అనేవారుగా. నీది ఒంటిచేత్తో నొక్కితే టక్కున కూర్చుంటోందని మురిసిపోయారు.

ఇన్నేళ్లూ ఆయన నిచ్చెన మీద, నేను కింద. నిచ్చెన పట్టుకునేదాన్ని, లైట్లు అందించేదాన్ని. కాంట్రాక్టరు నీ లైటు వచ్చిన అట్టపెట్టె చూశాడు. "ఒక్కరు చాలు అని రాసుందిగా, ఇక నీకేం పనమ్మా?" అని నన్ను ఇంటికి పంపేశాడు. మర్నాడే నిచ్చెన జారింది. ఆయన పడ్డారు. లైటు మాత్రం పడలేదు, బిగువుగానే ఉందట. అది నీకు తప్పకుండా రాయమన్నారు. మంచాన పడ్డా ఆయనకి పని యావే. నడుము కింద స్పర్శ లేదు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తుంటారు.

నిన్ను తప్పుపట్టడం లేదు. మీ బావ వేళ్ల మీది గాట్లు చూశాకే ఆ లైటు గీశావని నాకు తెలుసు. పెట్టె మీద ఆ మాట మాత్రం తీయించు. వీలు చూసుకుని నువ్వు బయల్దేరి రా. వీపు పుండ్లు పడకుండా ఆయన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండమన్నాడు డాక్టరు. దానికి ఒక్కరు చాలరు.

అక్క