ఉర్షుల పిన్నికి ఏమని చెప్పాలి

మిషిగన్, 9 ఫిబ్రవరి 1897

అక్కా, నేను క్షేమం. ఇక్కడ బిషప్పుగా ఉన్న మన ఊరి యెర్నెయ్ గారు గత మంగళవారం పోయారు.

జ్వరంలో ఆయనకు ఇంగ్లీషూ జర్మనూ మరుపుకొచ్చి, మన స్లోవీన్ ఒక్కటే మిగిలింది. మంచుకు రైళ్లు ఆగి, మన భాష తెలిసిన చర్చి గురువెవరూ రాలేకపోయారు. ఐర్లండు ఫాదర్ డోలన్, నేను గురువు కావడానికి చదువుతున్న సెమినరీ నుంచి నన్ను పిలిపించారు. "ఆయన తన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వినాల్సింది నేను, అర్థమయ్యేది నీకు. మధ్యన కూర్చుని చెప్పవయ్యా" అన్నారు.

బిషప్పుగారు నన్ను చూసి, "కొత్త మాటలు పోగేసే పిచ్చోడివి నువ్వేనా? ఇప్పుడు ఒక్కటీ దాచకు, తర్వాత ఒక్కటీ చెప్పకు" అన్నారు. పాపక్షమ అందిన గంటకు కన్నుమూశారు.

అలా మధ్యన కూర్చున్నవాడు కూడా గురువులాగే చచ్చేదాకా నోరు విప్పకూడదు.

ముప్పై ఏళ్లుగా అన్నతో మాటల్లేని బిషప్పుగారి చెల్లెలు ఉర్షుల పిన్ని నీ దగ్గరికి వస్తుంది. తన పేరు ఎత్తారా అని అడుగుతుంది. ఎత్తారనీ రాయలేను, ఎత్తలేదనీ రాయలేను. తిడితే పడు. చివరిదాకా ఆయన చెయ్యి నేను పట్టుకునే ఉన్నానని మాత్రం చెప్పు.

మేనల్లుడు ఆంటన్ దగ్గు తగ్గిందా? ఉన్ని మేజోళ్లు పంపు. దేవమాత మిమ్మల్ని కాయాలి.

ప్రతి కార్డులో ఇక్కడ విన్న ఒక కొత్త మాట రాస్తానన్నాను. ఈసారి లేదు.

నీ తమ్ముడు లోవ్రో