ఐదు నుంచి ఆరు వరకు మహిమది

వేములవాడ పట్టణం, చర్చి వెనక గల్లీలో ఉండే కీర్తిశేషులు తోమాసు భార్య ఆనందమ్మ అను నేను, వయసు అరవై ఆరు, వృత్తి బీడీలు చుట్టడం, స్వబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. ఊపిరితిత్తుల ఫోటో చూసి డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు. విని ఇంటికొచ్చి అన్నం వండాను. దుఃఖం రాలేదు. మతి స్థిమితంగా ఉందనడానికి ఇంతకు మించిన రుజువు నా దగ్గర లేదు. వేళ్ల గీతలు అరిగిపోయి మిషన్ మీద వేలిముద్ర పడదు గనుక సంతకమే చేస్తాను. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా అనంతరం నా ఆస్తి కింది విధంగా చెందాలి.

1. ఇల్లు నా పేరున ఉంది. రెండు గదులు, రేకుల వంటిల్లు, ముందర అరుగు. తూర్పున సాంబయ్య మరమగ్గాల షెడ్డు, ఉత్తరాన చర్చి గోడ, మిగతా రెండు వైపులా గల్లీ. వెనక గది, వంటిల్లు, అరుగు నా కోడలు మహిమకు. ముందు గది నా కొడుకు జేమ్సుకు. జేమ్సు చెడ్డవాడు కాదు. ఆటో నడుపుతాడు, అన్నం కూడా బయట ఆటో ఆపకుండానే వచ్చినట్టు తింటాడు.

2. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు ఉన్న గంటను మహిమకు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆ గంటలో ఆమె ఒడిలో బీడీల చాట ఉండకూడదు. ఆకు కత్తిరించడం, మర్నాటికి ఆకు తడపడం కూడా పని కిందికే వస్తాయి. అరుగు మీద కూర్చోవాలి. చాయ్ వేడిగా ఉండగానే తాగాలి. ఆ వేళకు ఎండ చర్చి గోడ మీద పచ్చగా పడుతుందట. నలభై ఏళ్లు ఆ అరుగు మీదే కూర్చున్నాను, నా కళ్లు చాటలో ఉన్నాయి.

దస్తావేజులు రాసే ఓంప్రకాశ్ ఇక్కడ కలం ఆపాడు. "గంటలు ఆస్తి కిందికి రావు అవ్వా, కోర్టుల నిలువది" అన్నాడు. "గీ గంట కోసం కోర్టుకు పోయేటోళ్లు ఎవరున్నరు బిడ్డా, నువ్వు రాయి" అన్నాను. రాశాడు.

కారణం కూడా రాయమన్నాను. మహిమ కోడలై వచ్చిన మూడో రోజే చాట తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది నేను. "ముచ్చట పెట్టకు, లెక్క తప్పుతది" అని నేర్పింది నేను. ఇప్పుడు నాకంటే జోరుగా చుడుతుంది. మొన్న ఆమె బిడ్డ కృప బడి నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి ఏదో సంబరంగా చెప్పింది. మహిమ తల ఎత్తకుండానే ఆడించింది. పిల్ల ఇంకాసేపు నిలబడి లోపలికి పోయింది. మర్నాడే ఓంప్రకాశ్‌కు కబురు పెట్టాను.

ఆ గంటకు వంద బీడీలు తగ్గుతాయి, నాకు తెలుసు. కూర పల్చబడుతుంది. పల్చని కూరే తినండి. జేమ్సు ఆ గంటలో ఆమెను ఏ పనికీ పిలవకూడదు. మూడుసార్లు పిలిస్తే ముందు గది కూడా మహిమకే పోతుంది.

ఈ వీలునామాకు అమలుదారు సాంబయ్య భార్య పద్మలత. వాళ్ల మగ్గాలకు పొద్దంతా నూలు కండెలు చుడుతుంది. ఆమె రోజూ ఐదింటికి వచ్చి చూడాలి. మహిమ ఒడిలో చాట కనిపిస్తే తీసి అటక మీద పెట్టాలి. తనూ కూర్చొని చాయ్ తాగాలి. "నాకేడ తీరుతది పెద్దమ్మా" అన్నది. "తీరుబడి అనుకోకు, డ్యూటీ అనుకో" అన్నాను.

3. చెన్నూరులో ఉన్న నా కూతురు రెబెకాకు నీలం పట్టుచీర. తన పెళ్లికి నేను కట్టుకున్నది. "నా పెండ్లినాడు సుత నీ ఒళ్లె చాటనే ఉండె" అని ఇప్పటికీ అంటుంది. నిజమే. చర్చి గంట కొట్టేదాకా చుడుతూనే ఉన్నాను. బిడ్డ తల వేరేవాళ్లు దువ్వారు. మొన్న ఆ చీర మడతపెడుతుంటే అది పట్టో గోనెపట్టో నా వేళ్లకు తెలియలేదు. నీ వేళ్లకు తెలుస్తుంది బిడ్డా. ఒకసారి నిదానంగా అంచు పట్టుకొని చూడు.

4. నా చాట, కత్తెర, ఆకు కొలిచే రేకు ఎవరికీ చెందవు.

5. సంఘపెద్ద జోయల్ గారు ఇరవై ఏళ్ల కింద చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చేయి చాపితే నా చేతుల పొగాకు వాసనకు ముఖం తిప్పుకున్నారు. ఆయనకు ఏమీ ఇవ్వడం లేదు. ఏమీ ముట్టనివాళ్లే సాక్షిగా పనికొస్తారని ఓంప్రకాశ్ చెప్పాడు కాబట్టి ఆయననే పిలిపించాను. వచ్చారు. చాయ్ ఇస్తే తాగారు.

6. నా భర్త తోమాసు సంగతి. బడిలో అటెండరు. నాలుగేళ్ల కింద పోయాడు. నిదానమైన మనిషి, ఒక జామకాయ తినడానికి అరగంట పట్టేది, నాకు చిరాకు వచ్చేది. రోజూ సాయంత్రం నా పక్కన కూర్చొని ముచ్చట్లు చెప్పేవాడు. నేను లోపల లెక్కపెట్టుకుంటూ పైకి ఊ కొట్టేదాన్ని. అన్నేళ్ల ముచ్చట్లలో ఒక్కటి కూడా మొదటి నుంచి చివరిదాకా నాకు గుర్తు లేదు. ఆయన పోయిన రోజు ఎన్ని చుట్టానో మాత్రం గుర్తుంది.

ఆ సాయంత్రం ఎనిమిది వందల నలభయ్యో బీడీకి దారం కడుతుండగా ఏదో అడిగాడు. అడిగాడని ఎందుకంటున్నానంటే, మాట ఆపి నా వైపే చూస్తున్నాడు. ఊ అన్నాను. "అయితె మంచిది, ఒప్పుకున్నవ్ గద" అని నవ్వి, లోపలికి పోయి మంచం మీద ఒరిగాడు. ఇంకో పది చుట్టి, కట్ట పూర్తిచేసి నేను వెళ్లేసరికి ప్రాణం లేదు.

ఏం అడిగాడో తెలియదు. రెబెకాను అడిగాను, జేమ్సును అడిగాను, బడిలో అడిగించాను. ఎవరికీ తెలియదు. ఏడిస్తే బాగుండునని ఉంటుంది, ఏడుపు రాదు. ఎప్పటికైనా ఎవరివల్లనైనా అది తెలిస్తే, నా ఆస్తితో తీరేదైతే, పైన రాసిన అన్నిటికంటే ముందు దాన్నే తీర్చాలి. తెలియకపోతే వెతకనక్కర్లేదు. అది ఏదైనా సరే, నేను ఒప్పుకున్నాను.

ఓంప్రకాశ్ రాసిన దీన్ని రెండుసార్లు చదివించుకొని, ప్రతి మాటా విని, సంతకం చేస్తున్నాను.

తేదీ: 9 జూలై 2024, మంగళవారం, వేములవాడ.

(సంతకం) ఆనందమ్మ

సాక్షులు:
జోయల్, సంఘపెద్ద
తిరుమల, బీడీ కార్మికురాలు, అదే గల్లీ

దస్తూరి: ఓంప్రకాశ్