మెట్లెక్కిన పొగ

తమ్మీ తౌహీద్, నీకు ఆపా దువా.

ఫోన్ల చెప్తే నవ్వి మర్చిపోతవని, పటాన్‌చెరు నుంచి మా కంపెనీ ఫ్యాన్లు తెచ్చే లారీ డ్రైవర్ చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్న.

నువ్వు ఆ భూగర్భ మెట్రో స్టేషన్ల బిగించే పొగ ఫ్యాన్ల డిజైన్ నాదే గదా. మెట్ల మీది షటర్ తెరిచే ఉంటదని గీసిన. అగ్గి అంటుకుంటే పైనుంచి గాలి దిగుతది, పొగ ఫ్యాన్ల దిక్కు పోతది, జనం మంచిగాలికి ఎదురెక్కుతరు. నువ్వేమో కుక్కలు దిగుతున్నయని ఆ షటర్‌కు తాళమేసిన్రంటివి.

నిన్న బేస్తవారం, జుమేరాత్ అని అమ్మీ ఇంట్ల ఊదు వేసింది. కోతుల భయానికి మేడమీది తలుపు మూసింది. నేను వంటింటి ఫ్యాన్ వేసిన. అయినా పైనుంచి గాలి దిగక పొగంత మెట్లెక్కి ఆ తలుపుకాడనే నిలిచింది. బట్టలు తెద్దామని ఎక్కిన అమ్మీ దగ్గుకుంట కూలబడ్డది. ఇప్పుడు మంచిగనే ఉంది, నాకే మనసు నిలుస్తలేదు. మా కంపెనీ సార్‌కు చెప్తే "డిజైన్ కంప్యూటర్ల పాసయింది గదా" అంటడు. కంప్యూటర్ల షటర్ తెరిచుంది తమ్మీ!

ఊదు పొట్లం గూడ పంపుతున్న. షటర్ అట్లనే మూసి ఉంచి, ప్లాట్‌ఫారం మీద ముట్టించి, ఫ్యాన్ నడిపి, పొగ ఎటు పోతదో వీడియో తియ్యి. సార్ ముంగట పెడ్త.

కానీ ముట్టించే ముందు ఆ షటర్ తాళంచెవి నీ జేబుల ఏసుకో.

నీ ఆపా