మబ్బుల్ని తూర్పుకి తోలమన్న మనిషి

సోమవారం

సెమరాంగ్‌లో ఉన్న సరింతెన్ అక్కకి, తమ్ముడు తుగిమన్ ప్రేమతో రాసేది.

అక్కా, శుక్రుడూ గురుడూ రోజురోజుకీ దగ్గరవుతున్నారు. గురువారం సందెవేళ పడమటి ఆకాశంలో నిండు చంద్రుడి వెడల్పంత ఎడంలో ఉంటారు. నా టెలిస్కోపులో ఇద్దరూ ఒకేసారి కనబడతారు. సైకిల్ షాపు కట్టేశాక పదకొండు నెలలు కూర్చుని దాని అద్దం అరగదీశానని నీకు తెలుసు. తెలియనిది ఒకటుంది. ఈ రెండేళ్లలో నీ మరదలు రుబియా ఒక్కసారి కూడా అందులోకి చూడలేదు. పిలిస్తే బియ్యం కడగాలంటుంది. "ఆ గొట్టానికి కూడా అన్నం వడ్డించనా?" అని నలుగురినీ నవ్విస్తుంది. నేనూ నవ్వుతాను. కానీ పిల్లల్లేని ఇంట్లో ఒక వింత కనబడితే చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మనిషే. అందుకే శుక్రవారం టెలిస్కోపుని ఊరి బడికి ఇచ్చేస్తానని హెడ్మాస్టరు గారితో అన్నాను. రుబియాకి ఇంకా చెప్పలేదు.

గురువారం ఆఖరిసారి చూద్దామంటే అదీ అనుమానమే. ఆ రోజే పక్కింట్లో పెళ్లి. మంత్రం వేసి వాన ఆపే సలేకన్ గారిని పిలిచారు. మబ్బుల్ని పడమటి పొలాల మీదికి తోలేస్తానని ఆయన మాటిచ్చాడు. నాకు కావలసింది ఆ పడమరే. వెళ్లి అడుగుదామంటే నాకు నోరు పెగలదు.

నీ తుగిమన్

శనివారం

అక్కా, ఈ ఉత్తరం ఎవరికైనా చదివి వినిపించాలనిపిస్తే వినిపించు. నాకేం సిగ్గు లేదు.

గురువారం మధ్యాహ్నానికే మబ్బులు కమ్మాయి. సలేకన్ గారు ఉపవాసంతో పెళ్లిపందిరి పక్కన కూర్చుని, చీపురు తలకిందులుగా పాతి, దాని పుల్లలకి మిరపకాయలూ చిన్న ఉల్లిపాయలూ గుచ్చుతున్నాడు. నేను కుర్చీలు మోస్తున్నాను. వీధి ఆడవాళ్లంతా అక్కడే వంట చేస్తున్నారు. రుబియా గరిటె చేత్తో పట్టుకునే లేచింది.

"సలేకన్ గారూ, మబ్బుల్ని పడమటికి తోలుతున్నారట?"

"ఎటో ఒకవైపు తోలాలి కదమ్మా, జేబులో పెట్టుకోలేనుగా."

"తూర్పుకి తోలండి."

"తూర్పున సంత ఉంది."

"సంత పొద్దున్నే అయిపోయింది. నిన్న గురుడి పక్కన మూడు చందమామలే కనబడ్డాయి. నాలుగోదాన్ని ఇవాళైనా చూడనివ్వండి."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. నేను కుర్చీలతో అక్కడే నిలబడిపోయాను. బుధవారం మూడే కనబడిన మాట నేనెవరికీ చెప్పలేదక్కా.

ఇంటికొచ్చాక అడిగాను. అద్దం చల్లబడాలని టెలిస్కోపు పెరట్లో పెట్టి నేను మసీదుకి నమాజుకి వెళతాను కదా. ఆవిడ ఇంట్లో నమాజు చేసుకుని, నేనొచ్చేలోగా రోజూ చూస్తోందట! తిరిగొచ్చి చూస్తే గొట్టం కదిలి ఉండేది. నా డైరీలో అరవైమూడు చోట్ల "కోడి తగిలింది" అని రాసి ఉంది. కోళ్లు ఆ వేళకి గూట్లో ఉంటాయని ఒక్కనాడూ తోచలేదు.

"మరి నేను పిలిస్తే రావేం?"

"నువ్వు పక్కన నిలబడి కనబడిందా, కనబడిందా అని చంపుతావయ్యా. నాకు నిదానంగా చూడాలి."

రోజుకి పది మాటలు మాట్లాడని నేను, అక్కడ మాత్రం నోరు మూయనట.

సాయంత్రం వాన పడలేదు. అది సలేకన్ గారి మహిమో గాలి మహిమో నేను రాయను. పడమర కడిగినట్టుంది. ముందు ఆవిడ చూసింది. నేను పళ్లు బిగించుకుని నిలబడ్డాను. చాలాసేపటికి, "నాలుగూ ఉన్నాయి. శుక్రుడికి ఒక్క చందమామ కూడా లేదు, అయినా ఎంత మిడిసిపాటో చూడు!" అని నవ్వి పక్కకి జరిగింది. పెళ్లికూతురు నగలతోనే గోడ దాటి వచ్చింది. వెనకాల పెళ్లికొడుకు, ఆ వెనక పందిరంతా.

శుక్రవారం హెడ్మాస్టరు గారు తోపుడుబండి తీసుకుని వచ్చి టెలిస్కోపు అడిగారు. నేను గొంతు సవరించుకునేలోపు రుబియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పిల్లల్నే ఇక్కడికి పంపండి సార్. ఈయన నమాజుకి వెళ్లాక పంపండి, నేను చూపిస్తాను."

నేను టెలిస్కోపు ఇవ్వలేదక్కా. ఇవ్వడానికి అది నా ఒక్కడిది కాదని తేలింది.

తమ్ముడు తుగిమన్
(రుబియా కూడా)