నలభై నిమిషాల దూరం

అన్నయ్యా,

క్షేమమా అని అడగను. నీకేం, నిక్షేపంలా ఉంటావు.

నీ మేనకోడలికి సంబంధం తెచ్చినప్పుడు, అంత దూరం ఇవ్వను మొర్రో అన్నాను. ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, "చూడవే, విమానంలో నలభై నిమిషాలే. పొయ్యి మీద ఎసరు పెట్టి వెళ్లి రావచ్చు" అన్నావు.

మొన్న దానికి నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోన్ చేస్తే ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాను. కౌంటర్లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "ఆ ఊరికి ఇక్కణ్నుంచి విమానం ఎప్పుడూ లేదండీ. రాజధానికి వెళ్లి, రేపు అక్కడ ఇంకోటి ఎక్కాలి" అంది. నీ ఫోను రెండు ఊళ్ల మధ్య గీత గీసి లెక్క చెప్పిందట. విమానం ఉందో లేదో దానికి తెలియదట. నువ్వు కనుక్కుని ఏడవచ్చుగా!

మర్నాటి విమానం మళ్లీ మన ఊరి మీదుగానే వెళ్లింది. కిటికీలోంచి మన మిల్లు పొగగొట్టం చూసి పళ్లు నూరుకున్నాను. నేను చేరేసరికి పిల్లాడు పుట్టేశాడు. "అమ్మ ఏదీ, అమ్మ ఏదీ అని మీ అమ్మాయి ఒకటే ఏడుపు అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు.

మనవణ్ని చూడాలని ఉందని కబురు పెట్టావుగా. రా. వదినతో పొయ్యి మీద ఎసరు పెట్టించి మరీ బయలుదేరు.

నీ చెల్లెలు