అరగంట ఖాళీ కోరుతూ

ఓడ ఏడో అంతస్తు,
మొదటి రోజు సాయంత్రం.

ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్స్ బట్టీల షిఫ్ట్ ఇన్‌చార్జి, ప్రస్తుతం మా విహారయాత్రకు కూడా ఇన్‌చార్జి అయిన పరమపూజ్య నాన్నగారికి,

పక్క గదిలో నానమ్మతో సహవాసం చేస్తున్న తమరి ఏకైక కుమార్తె సవినయంగా సమర్పించుకునే అర్జీ.

గోడకి అవతలే ఉండి ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకండి. మన ఊరి డాల్ఫిన్స్ నోస్ కొండ కనుమరుగైన గంటకే నా ఫోన్‌లో సిగ్నల్ పోయింది. ఓడ వాళ్ళ వైఫై అమ్మ ఫోన్‌కి మాత్రమే తీసుకున్నారు. ఆవిడ ఉక్కునగరం క్వార్టర్స్‌లోని ఆడవాళ్ళందరికీ ఒకటే సముద్రాన్ని నలభై రకాలుగా ఫోటో తీసి పంపే పనిలో తలమునకలై ఉంది. పైగా మన ఇంట్లో తమరికి ఏ ముఖ్యమైన సంగతైనా చీటీ రాసి తెలియజేయడమే ఆనవాయితీ. నా ప్రోగ్రెస్ కార్డు సంతకం దగ్గర్నుంచి నానమ్మ కళ్ళజోడు దాకా అన్నీ టీవీ పక్కన గ్లాసు కింద పెట్టిన చీటీల మీదే నడిచాయి. అదే సంప్రదాయాన్ని గౌరవిస్తూ ఈ కాగితాన్ని మీ గది తలుపు కింద నుంచి తోస్తున్నాను.

విషయం, తమరు విడుదల చేసిన కార్యక్రమాల పట్టిక. పోర్టులో సామాను తనిఖీ కూడా అవకముందే మనిషికో జెరాక్స్ కాపీ చేతిలో పెట్టారు. ఎ షిఫ్ట్, బి షిఫ్ట్ అని గీతలు గీసి, మధ్యలో టిఫిన్‌కి ఇరవై నిమిషాలు ఇచ్చారు. రేపు ఒక్కరోజే డెక్ మీద నడక, జుంబా, తంబోలా, ఈత, మ్యాజిక్ షో, చివర మైకు పట్టుకుని పాడే కారియోకి. డెబ్బై నాలుగేళ్ళ నానమ్మ పేరుకి ఎదురుగా జుంబా గడిలో టిక్కు పెట్టిన చెయ్యి ఎంత ధైర్యం గల చెయ్యో అని మేము ఇంకా అనుకుంటూనే ఉన్నాం. ఆవిడకి చదివి వినిపిస్తే, "ఏటే, ఓడెక్కించి నన్ను గెంతమంతన్నాడా మీ నాన్న? మీరు గెంతండి, నాను కూసుని సూత్తాను" అంది.

ఈ ఓడలో కాళ్ళు చాపుకుని పడుకునే కుర్చీలు బోలెడున్నాయి. వాటిలో జనం పుస్తకం మొహం మీద కప్పుకుని నిద్రపోతున్నారు. సెలవంటే అది కూడానని వాళ్ళకెవరో చెప్పినట్టున్నారు. నేను మాత్రం అంత దూరం అడగను. రేపు ఒక్క అరగంట ఖాళీ ఇప్పించండి. అందులో మీరూ నేనూ తప్ప ఎవరూ ఉండకూడదు, చేయడానికి ఏ పనీ ఉండకూడదు. ఒకటో తారీఖున రేడియోలో ఉద్యోగంలో చేరుతున్నాను కదా. దాంతోపాటు మన ఇంటి గురించి ఒక నిర్ణయం తీసుకున్నాను. అది మీకు నచ్చదని తెలుసు. అందుకే చీటీలో కాకుండా నోటితో చెప్పాలని నా పట్టుదల.

తమరి జవాబు కోసం తలుపు దగ్గరే కాపు కాస్తున్న,
హరిచందన

*

రెండో రోజు, సాయంత్రం అయిదున్నర.

దయామయులైన నాన్నగారికి,

పట్టిక మీద ఎర్ర పెన్నుతో "4.30 నుంచి 5.00 దాకా ఖాళీ, చందుతో" అని రాసి తిరిగి తోసినందుకు కృతజ్ఞతలు. ఖాళీని కూడా గడి గీసి అందులో పెట్టగలిగిన మహానుభావులు తమరొక్కరే.

ఇక ఆ అరగంటకి ఏ గతి పట్టిందో చరిత్ర కోసం రాసి పెడుతున్నాను. నాలుగున్నరకి తమరు రానే వచ్చారు. బూట్లు వేసుకుని, పడుకునే కుర్చీ అంచు మీద, ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడిలా నిటారుగా కూర్చున్నారు. నేను సముద్రం వైపు చూసి, గొంతు సవరించుకుని, "నాన్నా, నేను" అన్నాను. అంతే. మైకులో ఎవరో అంత్యాక్షరికి ఒక జట్టు తగ్గిందని ప్రకటించారు. తమరు లేచి పరిగెత్తినంత వేగంగా వెళ్ళి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"పదమ్మా, మన పేరిచ్చేసినాను. ఆ సంగతి తరవాత సెప్దువుగాని."

అరగంటలో నాలుగు నిమిషాలు నాకు దక్కాయి. మిగతా ఇరవై ఆరు నిమిషాలు 'ల' అక్షరంతో పాట వెతుక్కోవడంలో గడిచాయి.

పొద్దున్న జరిగినవి కూడా రికార్డులో ఉండాలి. జుంబాలో నానమ్మ కుర్చీ దిగకుండా రెండు చేతులూ పిండి జల్లించినట్టు ఊపితే, నేర్పే అమ్మాయి అందరి చేతా చప్పట్లు కొట్టించి ఆవిడకో టోపీ ఇచ్చింది. నానమ్మ స్నానానికి తప్ప ఆ టోపీ తీయడం లేదు. అమ్మ మోకాలి నొప్పి చెప్పుకుని తంబోలా దగ్గర ఆగిపోయింది. ఆవిడ మోకాలికి ఆ నొప్పి ఈ ఓడలోనే పుట్టిందని నా అనుమానం. నాకు నడుం దగ్గర్నుంచి కింద భాగం ఉందో లేదో తెలియడం లేదు.

ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. ఎక్కడికి తీసుకెళ్ళినా వెనకాల నిలబడి "గట్టిగా" అంటున్నారు. తంబోలాలో నాకు మొదటి వరస వస్తే గట్టిగా అరవమన్నారు. అంత్యాక్షరిలో ఇంకా గట్టిగా పాడమన్నారు. ఈత కొలనులో దూకబోతుంటే అప్పుడూ గట్టిగా అరవమన్నారు. ఈతకి అరుపెందుకు నాన్నగారూ? చేపలు అరుస్తున్నాయా?

సరే, రాత్రికి కారియోకి ఉంది. అదయ్యాక అయినా నాకు రావలసిన ఇరవై ఆరు నిమిషాలు ఇప్పించగలరు.

నడుం నుంచి పై భాగంతో మాత్రమే సంతకం చేస్తున్న,
హరిచందన

*

మూడో రోజు ఉదయం.

నాన్నా,

ఇక్కడి నుంచి తమరూ గిమరూ ఉండవు. నువ్వే.

నువ్వూ అమ్మా పుదుచ్చేరి చూడటానికి దిగారు. నేను తలనొప్పి అని చెప్పి ఉండిపోయాను. తలనొప్పి లేదు. నానమ్మ టోపీ పెట్టుకుని కిటికీ దగ్గర కునుకు తీస్తోంది. నోటితో చెప్పాలన్న నా పట్టుదల నిన్న రాత్రితో తీరిపోయింది కాబట్టి మళ్ళీ చీటీకే వచ్చాను.

నిన్న ఆ స్టేజి మీద ఏం జరిగిందో నువ్వు చూశావు. మైకు నా చేతికిచ్చారు. ముందు వరసలో నువ్వు కూర్చున్నావు. రేడియో ఆడిషన్‌లో అద్దం అవతల కూర్చున్న నలుగురినీ కడుపు పట్టుకునేలా నవ్వించిన గొంతు నాది. డిగ్రీలో మూడేళ్ళు కాలేజీ ఫంక్షన్లన్నిటికీ యాంకరింగ్ చేసింది నేనే. కరెంటు పోతే మైకు లేకుండా కూడా లాగించేశాను. అదే గొంతు నిన్న నీ మొహం చూడగానే గుసగుసలోకి దిగిపోయింది. పాపం కారియోకి నడిపే ఆ కోటు అబ్బాయి వచ్చి మైకు పనిచేస్తోందా లేదా అని వేలితో తట్టి చూశాడు. మైకు బాగానే ఉంది. నువ్వు అప్పుడు కూడా "గట్టిగా పాడమ్మా" అన్నావు. నేను పాట మధ్యలో దిగిపోయాను.

నా నిర్ణయం ఇది. ఒకటో తారీఖు నుంచి నేను మన క్వార్టరులో ఉండను. నాతో డిగ్రీ చదివిన ఆశ మద్దిలపాలెంలో రెండు గదుల పోర్షన్ తీసుకుంది. అందులో ఒక గది నాది. తాళంచెవి నా బ్యాగులో ఉంది. పొద్దున్న ఆరింటికి నా షో, ఉక్కునగరం నుంచి ఆ వేళకి చేరడం కష్టం అని నీకు చెప్పాలనుకున్నాను. వారం రోజులు అద్దం ముందు ఆ మాటే సాధన చేశాను. అది సగం అబద్ధం నాన్నా. షో సాయంత్రం అయినా నేను వెళ్ళేదాన్నే.

నీకు సి షిఫ్ట్ పడిన వారాలు ఎలా ఉండేవో నీకు తెలియదు, ఎందుకంటే నువ్వు నిద్రలో ఉండేవాడివి. రాత్రంతా డ్యూటీ చేసి నువ్వు వచ్చి పడుకోగానే అమ్మ గుమ్మానికి పలక తగిలించేది. దాని మీద సుద్దముక్కతో 'సి' అని ఒక్క అక్షరం. అది చూసి పాలబ్బాయి తలుపు కొట్టేవాడు కాదు, వీధిలో పిల్లలు క్రికెట్ బ్యాటు చంకలో పెట్టుకుని పక్క వీధికి పోయేవాళ్ళు. విజిల్ వేస్తుందని ఆ వారమంతా కుక్కర్ అటక మీదే. గంజి వార్చిన అన్నం తినేవాళ్ళం. టీవీలో మనుషులు పెదాలు కదిపేవాళ్ళు, అంతే. ఏడో తరగతిలో వక్తృత్వ పోటీలో నాకు ఫస్టు వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకి పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మ చెవిలో చెప్పాను. అమ్మ చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టింది. అలా ఎలా కొట్టాలో ఆవిడకి బాగా వచ్చు, నాన్నా. అరచేతులు తగలవు.

జోకులు వేయడం నేను గుసగుసలోనే నేర్చుకున్నాను. బయట నేను వీధి చివరికి వినిపించే మనిషిని. మన గుమ్మం దగ్గరికి రాగానే చెప్పులతో పాటు గొంతు కూడా బయట విడిచి లోపలికొస్తాను. నువ్వు మెలకువగా ఉన్నా అంతే. ఇరవై మూడేళ్ళు వచ్చినా, నీ ఎదుట నిలబడితే నువ్వింకా నిద్రపోతున్నట్టే ఉంటుంది నాకు.

నీ తప్పని అనను. రాత్రంతా ఆ బట్టీల వేడిలో నిలబడి వచ్చిన మనిషికి నిద్ర కావాలి. ఆ నిద్రతోనే నా చదువు అయింది. అదంతా తెలిసి కూడా కోపం వస్తుంది. ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇన్నాళ్ళూ అందరినీ నవ్విస్తూ తిరిగాను.

నిన్ను అనుమతి అడగడం లేదు. వెళ్ళడం ఖాయం. నీకు చెప్పకుండా వెళ్ళడం మాత్రం నా వల్ల కాలేదు.

చందు

*

మూడో రోజు, సాయంత్రం.

అమ్మా చందూ,

పుదుచ్చేరి నుంచి వచ్చి తలుపు తీయగానే నీ ఉత్తరం కాలికి తగిలింది. మీ అమ్మకి కూడా చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఏడ్చి, "ఎల్లనీండి. కుక్కరు మాత్రం పట్టుకెళ్ళనివ్వను" అంది. నాకు లాగ్ బుక్కు రాయడం తప్ప నీలాగా రాయడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను నిద్రపోయేవాణ్ణి కాదు.

ఎనిమిదింటికి పడుకుంటే పన్నెండుకల్లా మెలకువ వచ్చేసేది. ఆ తరువాత రెండింటిదాకా కళ్ళు మూసుకుని పడుకునేవాణ్ణి. ఎందుకంటే ఆ వేళకి నువ్వు బడి నుంచి వచ్చేదానివి. వంటింట్లో మీ అమ్మకీ మీ నానమ్మకీ బడిలో జరిగిందంతా చెప్పేదానివి. మీ లెక్కల మాస్టారు తుమ్మడం, మీ బడి ఆయాతో నీ దెబ్బలాట, ఒకసారి నేను బూట్లు విప్పుకుంటూ దగ్గే దగ్గు. అది నువ్వు చేసి చూపిస్తుంటే మీ నానమ్మ "ఒరే సన్యాసీ, లేసి సూడరా నీ కూతురు నిన్నెలా సేత్తందో" అని గుసగుసగా అంది. నేను దిండు నోట్లో కుక్కుకుని నవ్వాను. పక్కటెముకలు నొప్పి పుట్టాయి.

లేచి ఎందుకు రాలేదని అడుగుతావు. ఒకటి రెండుసార్లు వచ్చాను. నేను గదిలోంచి బయటికి రాగానే నువ్వు గబుక్కున నోరు మూసుకుని పుస్తకం తీసేదానివి. మీ అమ్మ గరిటె పట్టుకునేది. పై ఆఫీసరు తనిఖీకి వచ్చినట్టు ఇల్లంతా సర్దుకునేది. వస్తే ఆగిపోతుంది, పడుకుంటే వినిపిస్తుంది. నేను పడుకోవడమే ఎంచుకున్నాను. చాలాసార్లు నిద్ర చాలక డ్యూటీలో కళ్ళు మండేవి. అయినా మానలేదు.

ఆ పని తప్పని నీ ఉత్తరం చదివాక తెలిసింది. నేను విన్నాను గాని, విన్నట్టు నీకు తెలియనివ్వలేదు. తలుపు తీసి వచ్చి, ఆగిపోయినా సరే మీ మధ్య కూర్చోవలసింది. రెండు రోజులు సర్దుకున్నా మూడోరోజు మళ్ళీ మాట్లాడేవారేమో. ఆ ఓపిక నాకు లేకపోయింది.

ఈ ప్రయాణానికి పట్టిక రాసేటప్పుడు ఓడ వాళ్ళ పుస్తకం ముందు పెట్టుకుని, చప్పుడు చేసేవన్నీ ఏరాను. చదరంగం ఉంది, పుస్తకాల గది ఉంది, కొట్టేశాను. నీ గొంతు పూర్తిగా ఎలా ఉంటుందో నాకు తెలియదమ్మా. రేడియోలో ఊరంతా వినబోతున్నారు, వాళ్ళకంటే ముందు నేను వినాలనుకున్నాను. అది గడిలో టిక్కు పెడితే వచ్చేది కాదని నిన్న స్టేజి దగ్గర అర్థమైంది.

రేపు చెన్నైలో దిగేదాకా ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. నిద్రపోయేవాళ్ళు పోవచ్చు. మీ నానమ్మ మాత్రం జుంబాకి మళ్ళీ వెళ్తానంటోంది.

మద్దిలపాలెం వెళ్ళు. నీళ్ళు ఎన్నిగంటలకి వదులుతారో కనుక్కో, మేడ మెట్లకి లైటు ఉందో లేదో చూడు. ఆ మొదటి వారం నాకు సి షిఫ్ట్ పడింది. ఒకరోజు డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళకుండా నేరుగా మీ రూముకి వస్తాను. నీ షో అయ్యి నువ్వు వచ్చేదాకా గుమ్మం దగ్గర కూర్చుంటాను. లోపల ఓ మూల చాప వేస్తే చాలు. నేను పడుకున్నానని నువ్వుగానీ ఆశగానీ గొంతు తగ్గించకండి. తగ్గిస్తే లేచి వెళ్ళిపోతాను.

మీ నాన్న,
సన్యాసిరాజు